తోడుమట్టి

ఆర్విడాన్ కంపెనీ గేటు ముందు ఎవరో ముసలమ్మ ఖాళీ కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందని, లేవమంటే లేవడం లేదని మూడో అంతస్తులోని ల్యాబ్‌కి ఫోన్ వచ్చింది. "మీ పేరే చెబుతోంది మేడమ్" అన్నాడు సెక్యూరిటీ గార్డు, ఇందులో తన తప్పేమీ లేదన్న గొంతుతో. దమయంతి చేతి తొడుగులు ఊడదీసి, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగింది. దిగినంతసేపూ అది అమ్మ కాకూడదనే మొక్కుకుంది.

అమ్మే. అరవై ఆరేళ్ళ పోలమ్మ, శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డున ఉన్న గంగుపేటలో మొదటి బస్సెక్కి, మరో రెండు మారి, విశాఖపట్నంలో కొండ మీదున్న ఈ అద్దాల మేడ ఎక్కడో నలుగురినీ అడిగి కనుక్కుని వచ్చింది. ఎండకు కమిలిన మొహం, ఉప్పుకు పగిలిన కాళ్ళు. గార్డుతో తగవు పెట్టుకోవడం లేదు. పొరుగింటికి చేబదులుకు వచ్చిన మనిషిలా నిదానంగా మాట్లాడుతోంది.

"నాను ముష్టికి రానేదు బాబూ. నానిచ్చిందే అడగడానికొచ్చినాను. పన్నెండేళ్ళ కిందట మీవోళ్ళొచ్చి మా మడిలో మట్టి అడిగినారు. ఇచ్చినాను. ఇప్పుడు మా మడి సచ్చిపోనాది. మీ కాడున్నదాన్లో ఓ కుండెడు పెడితే ఎలిపోతాను."

"ఇది ల్యాబ్ అమ్మా. ఇక్కడ మట్టెందుకుంటుంది?"

"ఉందయ్యా. దాని మీదే గదా ఇంత మేడ కట్టినారు."

గార్డు దమయంతి వైపు చూశాడు. దమయంతి నేల చూపులు చూసింది.

గంగుపేట వాళ్ళు ఉప్పు మడికి తోడు వేస్తారు, మనం పాలకు వేసినట్టే. కొత్త మడి కట్టాక మూడు వారాలపాటు నేలను కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. ఆ తర్వాత పాత మడిలోంచి ఓ కుండెడు మట్టి తెచ్చి కొత్తదాన్లో కలుపుతారు. నెల తిరిగేసరికి మడి అడుగున ఎర్రటి జిగురు పొర కడుతుంది. ఆ పొర ఉంటే ఉప్పునీరు భూమిలోకి ఇంకదు, ఉప్పు తెల్లగా తేరుతుంది. లేకపోతే సగం నీరు ఇసుక తాగేస్తుంది, మిగిలిన ఉప్పు బురదతో కలిసి నల్లగా వస్తుంది, దాన్ని గొడ్లు కూడా నాకవు. అందుకే ఆ తీరంలో తరతరాలుగా ఒక కట్టుబాటు ఉంది. తోడు అడిగినవాళ్ళకు కాదనకూడదు. నీకు ఇచ్చినవాళ్ళ మడి చచ్చిపోతే, నువ్వు తిరిగి పెట్టాలి. దీనికి సంతకాలు లేవు, సాక్షులు లేరు.

"లే అమ్మా. ఇక్కడ కాదు" అంది దమయంతి.

లోపలికి తీసుకెళ్ళాలంటే పాస్ కావాలట. పాస్ కావాలంటే వచ్చిన పని రాయాలట. కన్నతల్లిని రోడ్డు అవతల టీ బంకు బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిలో గ్లాసు పెట్టింది దమయంతి.

"మీ పెద్దాయన్ని అడుగే. ఓ కుండెడే గదా" అంది పోలమ్మ. "గంగుపేట ఒక్కటే కాదు, సుట్టూ ఆరూళ్ళ మడులూ ఒక్కపాలే సచ్చిపోనాయి. ఏదో మందట. మాస్కులేసుకున్నోళ్ళొచ్చి పైపులతో కొట్టీసి ఎలిపోనారు. గవర్నమెంటు శాఖోళ్ళమన్నారు, రోగమొస్తాదన్నారు. మావు పుట్టినకాడ్నుంచి ఆ మట్టిలోనే ఉన్నాం గదా, మాకేటి రోగం?"

ఆ మందు పేరు దమయంతికి తెలుసు. నాలుగు నెలల కిందట 'జీవ నియంత్రణ' అనే పేరుతో జరిగిన మీటింగులో ఆమె కూడా కూర్చుంది. ల్యాబ్‌లో పారబోసే నీళ్ళ గురించి అనుకుని తలాడించి వచ్చింది.

పోలమ్మ టీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, ఖాళీ కుండతో తిరుగు బస్సెక్కింది.

*

అసలు ఆ జిగురు పొర సంగతి కనిపెట్టింది దమయంతే. పన్నెండేళ్ళ కిందట యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, ఏదో ఒక వ్యాసం రాయాలి కాబట్టి అమ్మ మడిలోంచి ఇంత పొర తెచ్చి ఎండబెట్టి కాల్చింది. మిగిలిన బూడిదను యంత్రంలో పెడితే అంకె నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ పెట్టింది. ఏడుసార్లు పెట్టింది. అదంతా లిథియం.

ఉప్పు తీసేశాక మిగిలే చేదు నీటిలో లిథియం పిసరంత ఉంటుందని అందరికీ తెలుసు. దాన్ని పట్టడమే ఎవరికీ చేతకాదు. ఈ పొరలోని సూక్ష్మజీవులు మాత్రం నిప్పు లేకుండా, యాసిడ్ లేకుండా, ఉత్త ఎండలో దాన్ని ఏరుకుని ఒంట్లో దాచుకుంటున్నాయి. ఫోన్లలో, కరెంటు కార్లలో వాడే బ్యాటరీలకు ఆ లోహమే కావాలి. దాని కోసం ఎక్కడెక్కడో ఎడారులు తవ్వుతున్నారు, కొండలు పిండి చేస్తున్నారు, ఊళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. ఇక ఆ అవసరం లేదు. ఇంత సముద్రమూ ఇంత ఎండా ఉన్న ఏ బీద దేశమైనా ఎవరి గుమ్మం ముందూ చేయి చాపక్కర్లేదు. ఆ రోజు దమయంతి ల్యాబ్‌లో ఒక్కతే గెంతులేసింది.

నెల తిరక్కుండా ఆర్విడాన్ వాళ్ళు వచ్చారు. ఎంత మర్యాదస్తులంటే, బూట్లు విప్పి చేతిలో పట్టుకుని మరీ మడిలోకి దిగారు. "అమ్మా, మాకు కాస్త మట్టి ఇస్తారా" అని అడిగారు. అంతకంటే ఏం కావాలి పోలమ్మకు? అంతంత దొరలు తన మడిలోకి దిగి తోడు అడిగారు. ఏ మూల మట్టి బావుంటుందో చూసి, మంచి ఎండలో, మూడు మడుల పొర కలిపి, తన చేత్తో కుండ నింపి ఇచ్చింది. అప్పుడు కాగితం తీశారు.

"ఇవ్వడానికి కాయితమెందుకే" అంది పోలమ్మ.

"అది మామూలేనమ్మా. వేలిముద్ర వెయ్యి" అంది దమయంతి.

నలభై ఒక్క పేజీల ఇంగ్లీషు కాగితం అది. దమయంతి ఆరు పేజీలు చదివి, మిగతాదీ అలాంటిదే అనుకుంది. అందులో ఆమెకు సీనియర్ సైంటిస్టు ఉద్యోగం కూడా ఉంది మరి. గంగుపేటలో మట్టి ఇస్తే ఇచ్చినవాళ్ళ దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నవాళ్ళ దగ్గరా ఉంటుంది. కుండెడు మట్టి ఇచ్చినంత మాత్రాన మడే చేజారిపోయే ఇవ్వడం ఒకటుంటుందని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. పీహెచ్‌డీ చేసిన దమయంతికైనా తెలియాల్సింది. ఆమె కూడా ఆ ఊరి పిల్లే కాబట్టి, అడిగారు కదా ఇచ్చాం అనుకుంది.

*

"మీ బాధ నాకు అర్థమవుతుంది దమయంతీ" అన్నాడు ముకుందరావు. ఆర్విడాన్ ఇండియా విభాగానికి ఆయనే అధిపతి. గొంతు పెంచి ఎరగడు, ఎవరినీ నొప్పించడు. ఏ చెడ్డ వార్తనైనా పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినట్టు చెప్పగలడు. "కానీ చట్టం దృష్టిలో ఆ మడుల్లో ఉన్నది మన కంపెనీ జీవ ఆస్తి. అనుమతి లేకుండా పెరుగుతోంది."

"సార్, అది అక్కడ పెరుగుతుంటేనే కదా మనం తెచ్చుకున్నాం."

"తెచ్చుకున్నాక రిజిస్టర్ చేశాం. తేడా అదే." ఆయన ఒక ఫైలు ఆమె వైపు జరిపాడు. "మీ ఊరివాళ్ళను మేం వదిలేస్తామా? ప్రతి సీజన్‌కీ ఒక్కో మడికి ఒక్కో ప్యాకెట్ ఇస్తాం. ఊరికే. ఒకటే షరతు, ఇంకెవరికీ పంచకూడదు."

దమయంతి ఈసారి చివరి పేజీ దాకా చదివింది. ప్యాకెట్‌లో ఉండేది మార్చిన రకం. ఒక్క వేసవి బతికి దానంతటదే చచ్చిపోతుంది. మరుసటేడు మళ్ళీ కంపెనీ గుమ్మంలోకే రావాలి. లిథియం పట్టే గుణం కూడా అందులోంచి తీసేశారు.

"అంటే మా వాళ్ళకు ఉప్పు మాత్రమే."

"వాళ్ళు చేసేది ఉప్పే కదా" అన్నాడు ముకుందరావు, చాలా దయగా.

అప్పుడే ఆ ఫైలు ఆయన మొహాన కొట్టి రావలసింది. రాలేదు. లోపలుంటేనే ఏదైనా చేయగలనని తనకు తాను చెప్పుకుంది. అన్యాయం జరిగే ప్రతి ఇంట్లోనూ లోపలున్నవాళ్ళు చెప్పుకునే మాట ఇదే, అది తెలిసి కూడా చెప్పుకుంది.

*

గంగుపేట మడులు చచ్చాయన్న కబురు ఎలా పొక్కిందో పొక్కింది. వారం తిరిగేసరికి ఊళ్ళోకి ఒకటే కార్లు. ఒకప్పుడు ప్రపంచానికి ఒకే పెద్ద ఉండేవాడట, ఇప్పుడు ఆయన పెత్తనం సడలిందట, ముగ్గురు నలుగురు పెద్దలు తయారయ్యారట. ఆర్విడాన్ ఆ పాత పెద్ద దేశపు కంపెనీ. దాని నోట్లోంచి లిథియం లాక్కోవాలంటే కొత్త పెద్దలకు గంగుపేట కావాలి. ఆదివారం నాడు తుఫాను షెల్టర్‌లో మీటింగు పెడితే దమయంతి కూడా వెళ్ళింది.

దారిలో మడులు చూసింది. ఎర్రగా మెరిసే నేల బూడిదరంగుకు తిరిగి, పగుళ్ళిచ్చింది. పోలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నల్ల ఉప్పును చేత్తో ఎత్తి గట్టు అవతల పారబోస్తోంది. దేనికీ పనికిరాదని తెలిసినా మడిలో అలా వదిలేయలేకపోతోంది.

షెల్టర్‌లో ముందుగా తూర్పు కూటమి తరఫున వచ్చిన పెద్దమనిషి లేచాడు. చక్కటి తెలుగు. వలస పాలన గురించి, ఉప్పు మీద తెల్లవాడు వేసిన పన్ను గురించి, మన తాతలు తిన్న లాఠీదెబ్బల గురించి చెబుతుంటే కొందరికి కళ్ళు చెమర్చాయి. ఏక ధ్రువ ప్రపంచం కుప్పకూలిందన్నాడు. ఇది బహుళ ధ్రువ ప్రపంచమన్నాడు. చిన్న దేశాలు తలెత్తుకునే రోజులొచ్చాయన్నాడు. ఆర్విడాన్ మీద కేసు వేయడానికి లాయర్లనిస్తామని, బతికున్న తోడు ఎక్కడైనా దొరికితే తమకు అప్పగించమని చెప్పి కాగితం తీశాడు.

ఆయన తర్వాత మన దేశపు కంపెనీ మనిషి లేచాడు. పరాయివాళ్ళ కాగితాలు నమ్మవద్దని, మన మట్టి మన దగ్గరే ఉండాలని, దేశభక్తి గురించి గట్టిగా మాట్లాడి, ఆయనా ఒక కాగితం తీశాడు.

దమయంతి రెండూ చదివింది. ఒకదాంట్లో తొమ్మిదో పేజీలో, ఇంకోదాంట్లో పన్నెండో పేజీలో, ఇంకెవరికీ పంచకూడదన్న ఆ ముక్కే ఉంది. వెనక వరసలో ఉన్న పోలమ్మ లేచి నిలబడింది.

"నాకు సదువు రాదు బాబూ, ఒకటే అడుగుతాను. మీ కాయితం మీద ఏలిముద్దరేసినాక, మా పక్కూరోళ్ళు తోడు అడిగితే ఇవ్వొచ్చా?"

తూర్పు పెద్దమనిషి చిరునవ్వు నవ్వాడు. "మా ద్వారా ఇవ్వచ్చమ్మా."

దేశపు కంపెనీ మనిషి కూడా గొంతు సవరించుకుని, జాతి ప్రయోజనాల దృష్ట్యా కొన్ని నియంత్రణలు తప్పవన్నాడు.

"అయితే వద్దు" అంది పోలమ్మ. కూర్చుంటూ పక్కనున్న ఆడవాళ్ళతో అంది: "ఈళ్ళకి ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు గానీ, కాయితాలు మాత్రం అందరికీ ఒకడే రాసిపెట్టినట్టున్నాడు."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. పెద్దమనుషులకు ఆ నవ్వు నచ్చలేదు. ఊరు వెనకబడి ఉండటానికి కారణం ఇదేనని కార్లెక్కుతూ అనుకున్నారు.

*

మరో పది రోజులకు ప్రకాశం వైపు నుంచి అంకమ్మ అనే ఆమె దిగింది. రైల్లో వచ్చింది, ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా. పోలమ్మ ఆమెను గుర్తుపట్టలేదు.

"పద్దెనిమిదేళ్ళయింది లే అక్కా, యాడ గుర్తుంటది" అంది అంకమ్మ. "మా మడికి పొర పట్టకపోతే ఎవరో చెప్తే మీ ఊరొచ్చినా. అన్నం పెట్టి మట్టిచ్చి పంపినావు. నీ మడి పోయిందని ఫోన్లో చూశా. నువ్వు ఆ గేటు ముందు కూర్చున్న వీడియో, ఎవరో తీసి పెట్టినారు. చూసినాక ముద్ద దిగలా నాకు."

ఆమె వెనకే ఒరిస్సా వైపు నుంచి ఇద్దరు, కాకినాడ దిగువ నుంచి ఒకరు వచ్చారు. పోలమ్మ నలభై ఏళ్ళుగా ఎవరెవరికి ఇచ్చిందో ఏనాడూ గుర్తుపెట్టుకోలేదు. పుచ్చుకున్నవాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. నాలుగు చోట్ల మట్టి కలిపి మడిలో వేసి, ఊరంతా దిగి తొక్కారు. నెలా పది రోజులకు మడి అడుగు ఎర్రబడింది. ఆ రోజు పోలమ్మ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. ఇవతల దమయంతి కూడా ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే ఫాతూ అడిగింది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఆర్విడాన్ పెట్టిన ప్లాంటు నుంచి శిక్షణకు వచ్చిన మనిషి ఆమె. వాళ్ళ ఊరివాళ్ళూ ఉప్పు చేసేవాళ్ళే. వాళ్ళ ఉప్పు కయ్యలను కంపెనీ తొంభై తొమ్మిదేళ్ళకు కౌలుకు తీసుకుంది. ఇప్పుడు ఆ కయ్యల చుట్టూ కంచె ఉంది, కంచె లోపల వాళ్ళే కూలీలు. "మా ఊళ్ళో ఇంకా కంచె పడని కయ్యలు నాలుగున్నాయి. మీ అమ్మ నాకు ఇస్తుందా?" అని క్యాంటీన్‌లో నెమ్మదిగా అడిగింది.

తరువాతి ఆదివారం దమయంతి ఆమెను గంగుపేట తీసుకెళ్ళింది. భాష రాకపోయినా ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. ఫాతూ నడుముకు చుట్టుకున్న గుడ్డను మోకాళ్ళపైకి ఎగదోపుకుని మడిలోకి దిగి, వేళ్ళతో అడుగు తడిమి, పొర మందం చూసి తలాడించింది. ఆ చేతులు చూస్తే చాలు పోలమ్మకు, మడి పని తెలిసిన మనిషని అర్థమైపోయింది. ముతక గుడ్డ మీద పొరను పరిచి ఎండలో ఆరబెట్టి, అది అట్టలా బిగిశాక మడతపెట్టి ఇచ్చింది. ఉప్పునీటిలో వేస్తే వారంలో మళ్ళీ ప్రాణం లేస్తుంది.

"ఆళ్ళ కాడ ఎవరైనా అడిగితే ఇస్తాదా, అడుగు" అంది కూతురితో. దమయంతి ఇంగ్లీషులో చెప్పింది. ఫాతూ గుండె మీద చేయి వేసుకుంది. అంతే ఒప్పందం.

విమానాశ్రయంలో అది మరకల గుడ్డలా కనిపించిందట, ఎవరూ పట్టించుకోలేదట. ఏడాదిన్నరలో ఆ గుడ్డ ఎక్కడెక్కడికి వెళ్ళిందో చెప్పడం ఎవరి వల్లా కాదు. ఆఫ్రికా తీరం పొడుగునా వెళ్ళింది. అక్కడి నుంచి చేపల పడవల మీద, చుట్టాల సంచుల్లో, ఒక ఫుట్‌బాల్ జట్టు సామానులో సముద్రాలు దాటింది. ఉపగ్రహం ఫోటోల్లో వెచ్చటి తీరాలన్నింటా ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఊళ్ళవాళ్ళు తమ లిథియం తామే తీసి, తమ పక్క పట్నంలో తామే బ్యాటరీలు చేయించుకోసాగారు. పాత పెద్దా, కొత్త పెద్దలూ ఒకేసారి కంగారుపడ్డారు. బహుళ ధ్రువం అంటే తాము ముగ్గురు నలుగురే అనుకున్నారు గానీ, ఇంతమంది అనుకోలేదు పాపం.

ఆర్విడాన్ కేసు వేసింది. ఎవరి మీద? సముద్రాల మీద వేయలేక, పోలమ్మ మీద. కంపెనీ జీవ ఆస్తిని అక్రమంగా కలిగి ఉన్నందుకు, పంచినందుకు. నోటీసు తెలుగులోనే వచ్చింది. ఈసారి మాత్రం ఆమెకు అర్థం కావాలని కంపెనీ ముచ్చటపడింది.

*

ఆ వేసవిలోనే ల్యాబ్‌లో పొరను పెంచే తొట్టెలు చచ్చిపోవడం మొదలైంది. మొదట ఒకటి, వారంలో పదకొండు. ఎర్రటి పొర తెల్లబడి, తునకలై తేలుతోంది. దమయంతి నాలుగు రోజులు సూక్ష్మదర్శిని ముందు నుంచి లేవలేదు. వైరస్ అది. పద్నాలుగేళ్ళుగా ఆ కుండలోంచి ఏరిన ఒకే రకాన్ని, దాని పిల్లలనే, శుభ్రమైన తొట్టెల్లో పరాయి మట్టి తగలకుండా పెంచారు. అన్నీ ఒకే అచ్చు. ఒకదాన్ని చంపిన వైరస్ అన్నిటినీ చంపుతోంది. అదే వైరస్ గంగుపేట మడిలోనూ ఉంది, ఆమె చూసింది. అక్కడ దాని ఆటలు సాగలేదు. చేతులు మారి, ఊళ్ళు తిరిగి, నలుగురి మట్టీ కలిసిన పొర అది. ఒక రకం చస్తే పది రకాలు మిగులుతాయి. కాదనకుండా ఇచ్చుకోవడం వల్లే ఆ మట్టి ఇన్నాళ్ళు బతికింది. ఈ సంగతి గంగుపేటలో ఎవరూ సూక్ష్మదర్శినిలో చూడలేదు, కానీ వందల ఏళ్ళుగా చేస్తూ వచ్చారు.

కంపెనీ డ్రోన్లను పంపి తీరంలో మడుల మీంచి మట్టి తోడించింది. ఏ మూల, ఏ ఎండలో, ఏ లోతున తీయాలో డ్రోన్‌కు ఏం తెలుసు? తెచ్చిన మట్టి తొట్టెల్లో వారం బతకలేదు. మనుషులను పంపి అడిగిస్తే, అంకమ్మ నుంచి ఒరిస్సా వాళ్ళ దాకా అందరిదీ ఒకటే మాట. పోలమ్మ ఇస్తే మేమూ ఇస్తాం.

చివరికి ముకుందరావే బయలుదేరాడు. పక్కన దమయంతిని కూర్చోబెట్టుకున్నాడు. దారి పొడుగునా ఏమేం ఇవ్వగలడో చెబుతూనే ఉన్నాడు. కేసు ఎత్తేస్తాం. ఆరూళ్ళ మడుల జోలికి ఇక రాము. మీ ప్రమోషన్ సంగతి నేను చూస్తాను. దమయంతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అమ్మ ఇస్తే కేసు పోతుంది, ముసలితనంలో కోర్టు మెట్లెక్కే బాధ తప్పుతుంది. ఇవ్వకపోతే ఆ పైపులవాళ్ళు మళ్ళీ వస్తారు. ఏది కోరుకోవాలో ఆమెకు తెలియలేదు.

పోలమ్మ గట్టు మీద ఉప్పు కుప్ప పోస్తోంది. ముకుందరావు నమస్కారం పెట్టాడు.

"అమ్మా, మాకు కుండెడు మట్టి కావాలి."

పోలమ్మ ఆయన్ని చూడలేదు. కూతురి వైపు చూసింది. "నువ్వడుగుతున్నావేటే?"

ఒక్క క్షణం పట్టింది దమయంతికి. పద్నాలుగేళ్ళ ఉద్యోగం, ఇల్లు, పేరు అన్నీ ఆ క్షణంలో ఉన్నాయి. "లేదమ్మా. నేనడగడం లేదు" అంది. అని, ఆయన పక్క నుంచి నడిచి వెళ్ళి అమ్మ పక్కన నిలబడింది.

పోలమ్మ చేయి అలవాటుగా పక్కనున్న కుండ కోసం సాగి, మధ్యలోనే ఆగింది. ఇది చూసి ముకుందరావుకు ఆశ పుట్టింది. ఆయన హోంవర్క్ చేసుకునే వచ్చాడు. "అడిగినవాళ్ళకు కాదనకూడదని మీ కట్టుబాటు కదమ్మా. మీ పెద్దలు పెట్టిందే కదా" అన్నాడు మెత్తగా.

దమయంతి ఒళ్ళు భగ్గుమంది. ఇంతకాలం ఆ కట్టుబాటును కాలరాసినవాళ్ళు, మందు కొట్టి చంపినవాళ్ళు, నేరమని కోర్టుకు ఎక్కించినవాళ్ళు, తమ అవసరం పడేసరికి ఆ కట్టుబాటునే ఒక ముసలిదాని మొహం మీద దివిటీలా పట్టుకుని వచ్చారు. అంత సిగ్గు లేకుండా మాట్లాడటానికి ఎంత చదువు చదివి ఉండాలో అనిపించింది.

"మా పెద్దలు సెప్పినారు బాబూ, కాదనకూడదని" అంది పోలమ్మ. "నానూ మీ గేటు కాడికొచ్చి అడిగినాను. మీరు కాదన్నారు. తోడు కాదన్నోడొచ్చి మళ్ళీ అడిగితే ఏటి సెయ్యాలో మా పెద్దలు సెప్పనేదు. అలాటోడు ఒకడు ఉంతాడని ఆళ్ళకి తెల్దు." కుండను వెనక్కి జరిపింది. "ఇవ్వను. ఎలిపొండి."

ముకుందరావు నొచ్చుకోలేదు. సోమవారం కోర్టులో కలుద్దామని, మందు కొట్టిన శాఖవాళ్ళు మళ్ళీ తనిఖీకి వస్తారని, వాళ్ళ పని తన చేతుల్లో ఉండదని ఎప్పటి గొంతుతోనే చెప్పి కారెక్కాడు. దమయంతి ఎక్కలేదు. తన ఐడీ కార్డు డ్రైవర్ చేతికిచ్చింది.

తల్లి గెలిచిందనుకుంది దమయంతి. ఊరివాళ్ళూ అలాగే అనుకున్నారు, వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. పోలమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. కంచం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మంచి పని చేశావమ్మా. వాళ్ళకు అలాగే కావాలి" అంది దమయంతి.

"కావాలే. ఆళ్ళకి కావాల్సిందే" అంది పోలమ్మ. కూతురి మొహం చూడకుండా అంది: "అరవయ్యెనిమిదేళ్ళొచ్చినాయి, నా నోటితో ఎవురికీ కాదన్లేదు. ఆ మాట నా నోట రాదనుకున్నాను. వొచ్చీసింది గదే. రేపు ఏ బీదోడో వొచ్చి అడిగినా, ఆడి మొకం సూసి, ఈడెవుడో, ఎవురు పంపితే వచ్చినాడో అనుకుని, మళ్ళీ అలాగే వొచ్చీస్తాదేమో."